శాసనకర్తలును డిజిటల్ సాధనములును

తెలుగుభాషలో "శాసనము" అను మాటకు రెండర్థములు గలవు. ఱాతిమీద చెక్కిన లేఖనమును శాసనమే. ప్రజాప్రతినిధులు సభలో కూర్చుండి చేసిన చట్టమును శాసనమే. ఈ రెండింటికి ఒక్క పేరు కలుగుట ఊరక జరిగినది కాదు. పూర్వము రాజు తాను చేసిన దానమును, మాన్పిన పన్నును ఊరివారందఱు చూచుచోట ఱాతిమీద చెక్కించెడివాడు. కడప జిల్లాలోని కలమళ్ల శాసనము క్రీ. శ. 575 ప్రాంతమునాటిదనియు, తెలుగుమాటలు గల శాసనములలో మొదటిదనియు పండితులెన్నుచున్నారు. మన హిందూపురమునకు చేరువనున్న లేపాక్షి వీరభద్రాలయములో విజయనగర చక్రవర్తియగు అచ్యుతరాయల కాలపు దానశాసనములు నేటికిని కానవచ్చుచున్నవి. 1565లో తళ్లికోట యుద్ధము జరిగిన పిమ్మట విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండలోను ఇట్టి లేఖనములు గలవు.

ఱాతిశాసనమునకు రెండు గుణములుండెను. మొదటిది, అది ఊరి నడుమ నిలిచియుండుటచేత చదువు వచ్చినవాడు చదివియు, రానివాడు అడిగియు తెలిసికొనగలిగెను. రెండవది, దానిని రహస్యముగా మార్చుటకు వీలు లేకుండెను. ఎవడైనను మార్చబూనినచో ఉలిచప్పుడు ఊరంతయు వినును. తరువాతి కాలములో శాసనములు కాగితములకెక్కినవి, కాగితములు కట్టలైనవి, కట్టలు కచ్చేరీ బీరువాలలో చేరినవి. చట్టము గెజెట్‌లో అచ్చగుచున్నది గాని, దానివలన మేలు పొందవలసిన రైతు గాని, నేతవాడు గాని, కూలివాడు గాని దానిని కన్నులార చూచుట యరుదు. ఇప్పుడు డిజిటల్ సాధనములు వచ్చినవి. ఇవి శాసనమును మరల ఊరి నడుమకు తేగలవా? తేవలెనన్న మన శాసనకర్తలు ఏమి చేయవలెను? ఈ వ్యాసమున మేము దీనినే విచారింపదలచితిమి.

"డిజిట్" అనగా అంకె. అక్షరమును గాని, చిత్రమును గాని, ధ్వనిని గాని సున్న, ఒకటి యను రెండంకెల వరుసగా మార్చి దాచుటయు, పంపుటయు, వెదకుటయు డిజిటల్ విద్య యనబడును. ఇందువలన మూడు లాభములు గలవు. ఒకసారి వ్రాసినదానికి ఎన్ని ప్రతులైనను ఇంచుమించు ఖర్చు లేక చేయవచ్చును. ఎంత దూరమునకైనను క్షణములో పంపవచ్చును. లక్షల పుటలనుండి కావలసిన ఒక్క పేరును వెదకి తీయవచ్చును. అయితే లోపమును గలదు. ఱాతిమీది అక్షరమును చెఱిపిన గుర్తు మిగులును. కంప్యూటరులోని అంకెను మార్చినచో, ప్రతి మార్పునకును గుర్తు నిలుచునట్లు ముందుగా ఏర్పాటు చేసిననే తప్ప, ఏ గుర్తును మిగులదు. ఆ యేర్పాటును యంత్రము తనంతట చేసికొనదు. అట్లు చేయుమని శాసించువారు కావలెను. వారే శాసనకర్తలు.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడును వేర్వేరు శాసనసభా నియోజకవర్గములు. మూడును హిందూపురము లోక్‌సభ నియోజకవర్గములోనివే. 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. కావున మనలో ఓటు గల ప్రతివారును ఇద్దఱు శాసనకర్తలను ఎన్నుకొనుచున్నారు. ఒకరు రాష్ట్ర శాసనసభకును, మఱియొకరు పార్లమెంటునకును పోవుదురు. వారి ముఖ్యమైన పనులు మూడు. చట్టములు చేయుట మొదటిది. ప్రజాధనమును ఇందులకు ఇంతయని మంజూరు చేసి, అది చేరవలసినచోట చేరినదో లేదో చూచుట రెండవది. ప్రజల పక్షమున ప్రభుత్వమును ప్రశ్నించుట మూడవది. ఈ మూడు పనులలోను డిజిటల్ సాధనములు ఎట్లు తోడ్పడునో వరుసగా చూతము.

మొదట చట్టము చేయు పని. 2014లో కేంద్రప్రభుత్వము ఒక మంచి నియమమును చేసికొనెను. ఏ శాఖయైనను నూతన చట్టమును తలపెట్టునప్పుడు, దాని చిత్తును సామాన్యముగా ముప్పది దినములు ప్రజల యెదుట ఉంచి, వారి యభిప్రాయములను విని, ఆ పిమ్మటనే ముందుకు పోవలెననునది ఆ నియమము. అయితే ఇది శాఖలు తమకు తాము పెట్టుకొన్న పద్ధతియే కాని చట్టము కాదు. కావున పాటింపబడినను, పాటింపబడకున్నను అడుగువారు లేరు. దీనికి చట్టబలము నిచ్చుట శాసనకర్తల చేతిలోనున్న పని. చిత్తు తెలుగులో నుండవలెను, చదువలేనివారికి వినిపింపబడవలెను, వచ్చిన యభిప్రాయములకు ప్రభుత్వ మేమి సమాధానము చెప్పెనో అదియును ప్రకటింపబడవలెను. సెల్‌ఫోను ఇంటింటికి చేరిన దినములలో ఇది అసాధ్యము కాదు.

ఇతర దేశములలో ఇట్లు చేసినవారు గలరు. బ్రెజిలు దేశమువారు ఇంటర్నెట్టు విషయమైన పౌరహక్కుల చట్టమును తలపెట్టి, 2009లో దానిని ఇంటర్నెట్టుమీదనే ప్రజల చర్చకు పెట్టిరి. ఆ చర్చవలన మార్పులు పొందిన చిత్తు 2014లో చట్టమైనది. ఐరోపాలోని ఎస్టోనియా చాల చిన్నదేశము. అచ్చటి గెజెట్ 2010 నుండి కాగితముమీద గాక ఇంటర్నెట్టులోనే అధికారముగా ప్రకటింపబడుచున్నది. ఏ చట్టములోని ఏ వాక్యము ఏ తేదీన ఎట్లు మాఱినదో అక్కడి పౌరుడు ఇంటనుండి చూడగలడు. ఉలిచప్పుడు వినబడునట్లు చేయుట యనగా ఇదియే.

ప్రజలతో తగినంత చర్చ లేక యంత్రమును నమ్ముకొన్నచో ఏమగునో తెలిసికొనుటకు మన రాష్ట్రమునే చూడవచ్చును. భూమిహక్కులను ఒక్క నూతన రిజిస్టరులో నెక్కించి, ఆ రిజిస్టరే ప్రమాణమగునట్లు చేయుటకై 2022 సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ చట్టము పుట్టినది. అది 2023 అక్టోబరు 31న అమలులోనికి వచ్చినది. భూవివాదములను మొదట సివిలు కోర్టు గాక అధికారి విచారించునన్న యేర్పాటు రైతులలోను, న్యాయవాదులలోను గొప్ప భీతిని కలిగించెను. 2024 ఎన్నికలలో ఇది పెద్ద వివాదమయ్యెను. ఆ సంవత్సరము జూలైలో క్రొత్త శాసనసభ ఆ చట్టమును రద్దుచేసెను. చట్టము మంచిదా, చెడ్డదా యని తీర్పు చెప్పుట మా పని కాదు. మేము గ్రహించినది ఇంతయే: తాతలనాటి పొలము పేరు ఏ యంత్రములో నున్నదో, ఎవడు మార్చగలడో, తప్పు పడినచో ఎవరి యొద్దకు పోవలెనో రైతునకు తేటగా తెలియనంతవఱకు ఎంత గొప్ప యంత్రమైనను వానికి భయకారణమే యగును.

రెండవది, ధనము చేరవలసినచోట చేరునట్లు చూచుట. ఇందుకు మన పొరుగుననే ప్రసిద్ధమైన నిదర్శనము గలదు. గ్రామీణ కుటుంబములకు ఏడాదికి నూఱు దినముల కూలిపనిని హక్కుగా నిచ్చుచు పార్లమెంటు 2005లో ఉపాధి హామీ చట్టమును చేసెను. మనవైపు జనులు దీనిని "కరువుపని" యని పిలుతురు. 2006 ఫిబ్రవరి 2వ తేదీన ప్రధానమంత్రి మన్‌మోహన్ సింగుగారు ఈ పథకమును ప్రారంభించినది అనంతపురము జిల్లా నార్పల మండలములోని బండ్లపల్లి గ్రామముననే. వర్షాభావముచే వేరుసెనగ ఎండిపోయి, బెంగుళూరు మొదలగు చోట్లకు వలసపోవు కుటుంబములకు ఈ చట్టము ఎంత ముఖ్యమో మన చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ చట్టములో ఒక చిన్న వాక్యముండెను. చేసిన పనికి కూలి పదునైదు దినములలోపుగా ముట్టవలెననునదియే అది. ఈ వాక్యమే యంత్రమునకు పని కల్పించినది. ఏలయన, పదునైదు దినములని చట్టము చెప్పినందుననే కంప్యూటరు ఆ దినములను లెక్కింపగలిగెను. గడువు దాటినచోట వేలు చూపగలిగెను. చట్టము "త్వరగా చెల్లింపవలెను" అని మాత్రము చెప్పియున్నచో లోకములోని కంప్యూటరులన్నియు కలిసినను లెక్కించుటకు ఏమియు ఉండదు. కావున శాసనకర్త వ్రాయు వాక్యములో అంకెయు, తేదీయు, బాధ్యుని పేరును ఉండవలెనని నేర్చుకొనవలసియున్నది.

అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో కూలివారికి వేలిముద్రతో పనిచేయు స్మార్టుకార్డుల నిచ్చి, గ్రామములోనే కూలి చెల్లించు ఏర్పాటు జరిగెను. కార్తీక్ మురళీధరన్ మొదలగు ముగ్గురు అర్థశాస్త్రజ్ఞులు ఎనిమిది జిల్లాలలో దీని ఫలితములను పరీక్షించిరి. అనంతపురము అందులో నొకటి. కార్డులు ముందుగా వచ్చిన మండలములను, రాని మండలములతో పోల్చి చూచి, 2016లో వారు ప్రకటించినదేమనగా: కార్డులు వచ్చినచోట కూలి త్వరగా ముట్టినది, నడుమ హరించిపోవు సొమ్ము తగ్గినది. ఇది సంతోషింపదగిన మాట.

అయితే కార్డుతోనే సర్వమును జరుగలేదు. ఆ చట్టములోనే మఱియొక విభాగము, పనులపై గ్రామసభ సామాజిక తనిఖీ జరుపవలెనని శాసించినది. తరిఫీదు పొందిన గ్రామ యువకులు మస్టరులోని పేర్లను పట్టుకొని ఇల్లిల్లు తిరిగి, "నీవు ఇన్ని దినములు పనిచేసితివా? ఇంత సొమ్ము నీకు ముట్టినదా?" అని యడుగుదురు. పిమ్మట బహిరంగ సభలో లెక్కలు చదువబడును. ఈ పనిలో ఆంధ్రప్రదేశ్ దేశమునకు దారిచూపినదని పేరుపొందినది. 2009లో ఇందులకై ప్రత్యేక సంస్థయును ఏర్పడినది. కంప్యూటరు మస్టరును పైకి తెచ్చినది. మనుష్యుడు దాని నిజానిజములను తేల్చెను. ఈ రెండు చేతులును కలిసిననే చప్పుడు.

ఒక్క చేతితో చప్పుడు కాదనుటకును నిదర్శనము గలదు. 2023 జనవరి 1 నుండి ఈ పనిస్థలములందు కూలివారి హాజరును సెల్‌ఫోనులో ఛాయాచిత్రములు తీసి పంపవలెనని కేంద్రము విధించెను. మోసము నిలిచిపోవునని తలచిరి. కాని 2025 జూలైలో గ్రామీణాభివృద్ధి మంత్రిత్వశాఖయే రాష్ట్రములకు వ్రాయుచు, కొన్నిచోట్ల పనికి సంబంధము లేని చిత్రములు పంపుచున్నారనియు, చిత్రమునకే మరల చిత్రము తీసి పంపుచున్నారనియు తెలిపెను. యంత్రము చిత్రమును అందుకొన్నది. అందులోనివారు నిజముగా గడ్డపాఱ పట్టిరా యని అది చూడలేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టమునకు మాఱుగా నూటయిరువదియైదు దినముల పనిని చెప్పు నూతన చట్టమును అంగీకరించినది. చట్టము మాఱినను, యంత్రమును మనుష్యుడు తనిఖీ చేయవలెనను పాఠము మాఱలేదు.

ధనము మాట వచ్చినది కావున మఱియొక సంగతి. ప్రతి పార్లమెంటు సభ్యునకును తన ప్రాంతములో బడిగదులు, మంచినీటి పనులు మొదలగు వానిని సిఫారసు చేయుటకు ఏడాదికి 5 కోట్ల రూపాయల నిధి గలదు. ఈ పథకము 1993 డిసెంబరులో మొదలైనది. అందులో నూటికి 15 వంతులు షెడ్యూల్డు కులములవారు, ఏడున్నర వంతులు షెడ్యూల్డు తెగలవారు నివసించు స్థలములలో ఖర్చు కావలెనని నియమము. 2023 ఏప్రిల్ నుండి ఈ నిధి సంగతులు ఈ-సాక్షి యను పోర్టల్ ద్వారా నడుచుచున్నవి. సాక్షి యన్న పేరు చక్కగా కుదిరినది. అయితే ఢిల్లీలోని సాక్షి చాలదు. ఏ వీధిలో ఏ పని, ఎంత సొమ్ముతో, ఎన్నడు ముగియవలెనో ఆ వీధిలోని పలకమీద కనబడి, పోర్టల్‌లోని లెక్కతో సరిపోలవలెను. ఆ రెంటిని సరిచూచు పని మన పై తరగతుల విద్యార్థులు సైతము చేయగలరు.

మూడవది ప్రశ్నించు పని. ఇందులో మన హిందూపురమునకు ఒక గౌరవము గలదు. నీలం సంజీవరెడ్డిగారు 1967లో హిందూపురము నుండియే లోక్‌సభకు ఎన్నికై, ఆ సభకు స్పీకరైరి. తరువాత 1977లో రాష్ట్రపతియైరి. స్పీకరనగా సభ్యుల ప్రశ్నలు న్యాయముగా వినబడునట్లు, మంత్రుల జవాబులు సభకు చేరునట్లు చూచు పెద్ద. నాటి సభ్యునకు ఒక సంగతి కావలెనన్న గ్రంథాలయములో సంపుటములు తిరుగవేయవలసి యుండెను. నేడో, 1952 నుండి లోక్‌సభలో జరిగిన చర్చలు ఇంటర్నెట్టులో నున్నవి. ఒక ఊరిపేరు వ్రాసినచో ఆ ఊరిని గూర్చి అడుగబడిన ప్రశ్నలు వెదకవచ్చును. హిమాచల్ ప్రదేశ్ శాసనసభ 2014లోనే కాగితము లేక డిజిటల్ పద్ధతిని సభ నడుపుట మొదలిడెను. "నేవా" యను జాతీయ పద్ధతిని 2022 మార్చిలో నాగాలాండు సభ ముందుగా చేపట్టెను.

కాగితము మిగిలినంతమాత్రమున ప్రశ్న పదునెక్కదు. "అడుగనిదే అమ్మయైనను పెట్టదు" అని మనవారి సామెత. దానికి మేము ఒక్క మాట చేర్తుము: ఏమడుగవలెనో తెలియక అడిగినను పెట్టదు. ధర్మవరపు పట్టుచీరల సంగతి తీసికొందము. చేనేతవారి పొట్ట కొట్టకుండుటకై పార్లమెంటు 1985లో ఒక చట్టము చేసి, కొన్ని విధములైన వస్త్రములు చేమగ్గముమీదనే నేయవలెననియు, మరమగ్గముమీద నేయరాదనియు శాసించెను. 1993లో సుప్రీముకోర్టు ఈ చట్టము చెల్లునని తీర్పు చెప్పెను. మొదట 22 రకములు దీని రక్షణలో నుండెను. పిమ్మట అవి 11 రకములైనవి. చీర అందులో నొకటి. అయినను మరమగ్గపు చీరను చేనేతచీరయని చెప్పి అమ్ముచున్నారని నేతవారు మొఱపెట్టుచునే యున్నారు. నేతగాడు దినముల తరబడి కూర్చుండి నేసిన అంచును సెల్‌ఫోనుతో చిత్రించి, మరమగ్గమునకు పంపుట నేడు గడియ పని.

ఇట్టిచోట "చేనేతవారి స్థితి యెట్లున్నది?" అని సభలో అడిగినచో "ప్రభుత్వము అన్ని చర్యలు తీసికొనుచున్నది" అను జవాబు వచ్చును. అట్లు గాక, "1985 చట్టము క్రింద ధర్మవరములో గడచిన మూడేండ్లలో ఎన్ని మరమగ్గములు తనిఖీ చేయబడినవి? ఎన్ని కేసులు పెట్టబడినవి? ఎన్నింటికి శిక్ష పడినది?" అని నెలవారీగా లెక్క యడిగినచో జవాబు తప్పించుకొనుట కష్టము. కొనువారికిని సాధనములు గలవు. 2004 నాటి సిల్కుమార్కు పట్టు స్వచ్ఛమైనదని చెప్పును. 2006 నాటి హ్యాండ్లూము మార్కు చేమగ్గముమీద నేయబడినదని చెప్పును. ఈ రెండును వేఱని చాలమంది యెఱుగరు. ప్రతి చీరకును దాని మగ్గమును తెలుపు గుర్తు నుంచి, సెల్‌ఫోనుతో సరిచూచుకొను ఏర్పాటును చట్టములో చేర్చవలెనని మన సభ్యులు కోరవచ్చును. 2019 డిసెంబరు 21న నేతవారి ఖాతాలలో సొమ్ము వేయు పథకమొకటి ధర్మవరములోనే ప్రారంభమయ్యెను. ప్రభుత్వము మాఱినపుడు పథకములు మాఱుచుండును. బజారులో న్యాయము నిలుపు చట్టము అమలైనచో ఆ మేలు ఏ ప్రభుత్వమందైనను నిలుచును.

నీటి సంగతియు నిట్టిదే. ఉమ్మడి అనంతపురము జిల్లాలో సాలీనా వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. 2002లో రాష్ట్ర శాసనసభ జల, భూమి, వృక్ష పరిరక్షణమునకై "వాల్టా" చట్టమును చేసెను. బోరుబావులు నమోదు కావలెననియు, భూగర్భజలము మితిమీరి తోడబడిన గ్రామములలో క్రొత్త బోరులను ఆపవచ్చుననియు అది చెప్పుచున్నది. భూగర్భజలశాఖవారు పీజోమీటర్లను గొట్టములలో నుంచి నీటిమట్టమును కొలుచుచున్నారు. శ్రీశైలము జలాశయము నుండి ఎత్తిపోయబడిన కృష్ణాజలము హంద్రీ-నీవా కాలువవెంట పెనుకొండ చెంత గొల్లపల్లి జలాశయమునకు చేరుచున్నది. ఎఱ్ఱమంచి యొద్ద 2019 నుండి కార్లు తయారగుచున్న కియా కర్మాగారమునకును నీరు అచ్చటి నుండియే. పొలమునకెంత, పట్టణమునకెంత, కర్మాగారమునకెంత అను లెక్క దినదినము కొలుచుటకు యంత్రములు గలవు. ఆ లెక్కను దినదినము తెలుగులో ప్రకటింపుమని శాసించుట మాత్రము సభ్యుల పని. లెక్కలు చేతిలోనుండగా అడుగకుండుట చేతిలో వెన్న పెట్టుకొని నేతికి ఏడ్చుటవంటిది.

ఇంతవఱకు మేలును గూర్చి చెప్పితిమి. ఈ దారిలో వెనుకబడినవారి మాటయు చెప్పక తప్పదు. కచ్చేరీ మనకు క్రమముగా దగ్గఱయైనది. 1985లో, హిందూపురము నుండి శాసనసభకు ఎన్నికైన ఎన్. టి. రామారావుగారు ముఖ్యమంత్రిగా నుండగా, పెద్ద తాలూకాలకు మాఱుగా చిన్న మండలములు ఏర్పడినవి. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయములు వచ్చినవి. 2025 జనవరి 30న "మన మిత్ర" యను పేర వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలైనవి. తాలూకా నుండి మండలమునకు, మండలము నుండి గ్రామమునకు, గ్రామము నుండి అఱచేతికి కచ్చేరీ వచ్చినది. కాని ఆ ఫోను ఎవరి చేతిలో నున్నది? 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 21 మందియు, పురుషులలో 49 మందియు మాత్రమే ఎప్పుడైనను ఇంటర్నెట్టు వాడినవారని తేలెను. తరువాత ఈ లెక్క పెరిగియుండవచ్చును. అయినను ఇంటిలో ఒక్క ఫోనున్నచోట అది తల్లి చేతికి కడపట వచ్చునని మనకందఱకు తెలిసినదే.

వేలిముద్ర సంగతి మఱియు కఠినము. గడ్డపాఱ పట్టినవాని వ్రేళ్లును, ఏండ్లకొలది నూలు త్రిప్పిన ముదుసలి వ్రేళ్లును గీతలరిగి యుండును. యంత్రము గీతలనే చూచును గాని, ఆ గీతలు కష్టముచే అరిగినవని యెఱుగదు. వేలిముద్ర సరిపడలేదని యెవరికిని రేషను నిరాకరింపరాదని ఆధార్ సంస్థవారు 2017 అక్టోబరులో ప్రభుత్వశాఖలకు వ్రాసిరి. అట్టి నియమము ఉత్తరములో నుండిన చాలదు. ప్రతి చట్టములోను ఉండవలెను. యంత్రము కాదన్నప్పుడు ఔనని చెప్పు అధికారముగల మనుష్యుడు ఆ ఊరిలోనే ఉండవలెను.

ప్రజల గుట్టును కాపాడుటయు శాసనకర్తల బాధ్యతయే. గోప్యత ప్రతి పౌరుని మౌలికహక్కని సుప్రీముకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పిరి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. అయితే ఈ చట్టమే 2005 సమాచార హక్కు చట్టములో ఒక విభాగమును మార్చి, వ్యక్తిగత సమాచారమును ఇవ్వనక్కఱలేదనెను. ఇచ్చట చిక్కు గలదు. మస్టరులోని పేరు కూలివాని సొంత సంగతియా, ఊరి లెక్కయా? పేరు దాచినచో దొంగపేరు పట్టుబడదు. సర్వమును బయటపెట్టినచో బీదవాని బ్రతుకు బజారున పడును. వాని రోగము, వాని వేలిముద్ర, వాని ఖాతా సంఖ్య దాచదగినవి. ప్రజాధనము ఎవరికెంత చేరినదను లెక్క దాచదగినది కాదు. ఈ గీతను ఎక్కడ గీయవలెనో యంత్రము చెప్పదు. సభలో చర్చించి చెప్పవలసినవారు మన ప్రతినిధులే.

కావున మన శాసనకర్తలనుండి మనము కోరవలసినవి నాలుగు. ఒకటి, ప్రతి చట్టపు చిత్తును తెలుగులో ముందుగా ప్రజల యెదుట నుంచవలెను. రెండు, ప్రతి పథకపు చట్టములో గడువును, బాధ్యుడగు అధికారిని, లెక్క ప్రకటించు విధమును స్పష్టముగా వ్రాయవలెను. లెక్కలో ఏ మార్పు జరిగినను గుర్తు నిలువవలెను. మూడు, యంత్రము చెప్పిన లెక్కను గ్రామసభలో మనుష్యులు సరిచూడవలెను. నాలుగు, యంత్రము త్రోసివేసినవానికి తలుపు తెఱచు మనుష్యుని నియమింపవలెను. ఈ నాలుగును లేనిచో డిజిటల్ సాధనములు పాత బీరువాకు క్రొత్త తాళములే యగును.

తలిదండ్రులారా, విద్యార్థులారా, ఈ పని వారిదేకాదు, మనదియును. సమాచార హక్కు చట్టము క్రింద మన రాష్ట్రములో గ్రామస్థాయి కచ్చేరీలో దరఖాస్తునకు రుసుము లేదు. మండలములో 5 రూపాయలు, పై కచ్చేరీలలో 10 రూపాయలు. సామాన్యముగా ముప్పది దినములలో జవాబు రావలెను. సెల్‌ఫోనులో ఆటలాడు గంటలో పావువంతు, మన సభ్యులు సభలో ఏమి యడిగిరో చదువుటకు వినియోగించినను చాలును. తరువాత వారు ఊరికి వచ్చినపుడు, "అయ్యా, మీరు ఈ సంగతి అడిగితిరి, మాకు మేలైనది, ఈ సంగతి అడుగలేదు, ఈసారి అడుగుడు" అని మర్యాదగా చెప్పవచ్చును. ప్రశ్నింపబడు సభ్యుడే సభలో ప్రశ్నించును.

పదునెనిమిదేండ్లకు మీకు ఓటు వచ్చును. ఇరువదియైదేండ్లకు శాసనసభకును, లోక్‌సభకును నిలువబడు నర్హత వచ్చును. ఈ పత్రికను చదువుచున్న బాలబాలికలలో ఎవరైనను నాడు ఆ సభలలో కూర్చుండవచ్చును. అప్పటికి ఇప్పటి యంత్రములు పాతబడి, మేము ఊహింపలేని క్రొత్త యంత్రములు వచ్చియుండును. ఏ యంత్రము వచ్చినను, ముందుగా అడుగవలసిన ప్రశ్న యొక్కటియే: గీతలరిగిన ఈ వేలికి న్యాయము జరిగినదా? ఈ ప్రశ్నను నేర్చుకొనుటకు కంప్యూటరు అక్కఱలేదు, నేడే నేర్చుకొనుడు.